ప్రయాణికుల పక్షాన కాపలా: బ్రిటన్‌లో రవాణా వినియోగదారుల సంఘాల పరిధి, అధికారాలు (1947–2025)

ఈ పాఠం చదివిన తరువాత మీరు బ్రిటన్‌లో ప్రయాణికుల సంఘాలు ఎందుకు, ఎలా ఏర్పడ్డాయో వివరించగలుగుతారు. ఒక సంస్థ పరిధికి, అధికారానికి మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు. ఆ అనుభవాన్ని మన దేశంలోని సలహా సంఘాలతో పోల్చి చూడగలుగుతారు.

1. పరిచయం

కిరాణా కొట్టులో బియ్యం బాగా లేకపోతే పక్క కొట్టుకు వెళతాం. కొట్టువాడికి అది తెలుసు కనుక కొంత జాగ్రత్తగా ఉంటాడు. రైలు విషయంలో పక్క కొట్టు లేదు. మన ఊరి మీదుగా పోయేది ఒకే పట్టా, దాని మీద నడిచేది ఆ యాజమాన్యం వేసిన బండే. రైలు ప్రభుత్వానిదైనా, కంపెనీదైనా ఈ పరిస్థితి మారదు. ఆర్థికశాస్త్ర పాఠాల్లో మీరు దీన్ని గుత్తాధిపత్యం అన్న పేరుతో చదివి ఉంటారు. గుత్తాధిపత్యం ఉన్నచోట వినియోగదారుడి తరఫున మాట్లాడడానికి చట్టమే ఒక సంస్థను నిలబెట్టాలన్న ఆలోచన బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తరువాత రూపం దిద్దుకున్నది. ఆ సంస్థ పేరు తరతరానికీ మారింది. అది చూడవలసిన విషయాలు కొన్నిసార్లు పెరిగాయి, కొన్నిసార్లు తగ్గాయి. ఆ మార్పుల చరిత్రే ఈ పాఠం.

ముందుగా రెండు మాటల అర్థం స్పష్టం చేసుకుందాం. పరిధి అంటే ఒక సంస్థ ఏయే విషయాల మీద మాట్లాడవచ్చు అన్నది. అధికారం అంటే ఆ మాటకు ఎదుటివారు ఎంతవరకు కట్టుబడాలి అన్నది. ఊళ్ళో పెద్దమనిషి పెళ్ళి నుంచి పొలం గట్టు వరకు అన్నింటి మీదా అభిప్రాయం చెబుతాడు. ఆయన పరిధి విశాలం. ఒకప్పటి కరణం మాట్లాడేది భూమి లెక్కల గురించి మాత్రమే, కాని ఆయన దస్తూరి పడనిదే లెక్క మారేది కాదు, అది అధికారం. బ్రిటిష్ ప్రయాణికుల సంఘాలు కొంతకాలం పెద్దమనుషుల్లా, కొంతకాలం కరణాల్లా బతికాయి. రెండూ ఒకేసారి కావడం అరుదుగా జరిగింది.

2. 1947 రవాణా చట్టం: విశాలమైన పరిధి, మెత్తని మాట

యుద్ధానంతరం క్లెమెంట్ అట్లీ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం బొగ్గు, విద్యుత్తు, రైల్వేలు వంటి పరిశ్రమలను జాతీయం చేసింది. 1947 రవాణా చట్టం ప్రకారం 1948 జనవరి 1 నుంచి రైల్వేలు బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ కమిషన్ చేతికి వచ్చాయి. అంతకు ముందు నాలుగు పెద్ద కంపెనీలు ఉండేవి. వాటి మధ్య పోటీ నామమాత్రమే అయినా, పోటీ అన్న పేరైనా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. అందుచేత అదే చట్టంలో వినియోగదారుల కోసం ఒక సెక్షను చేర్చారు. దేశం మొత్తానికి ఒక కేంద్ర రవాణా సంప్రదింపుల సంఘం, ప్రాంతాల వారీగా రవాణా వినియోగదారుల సంప్రదింపుల సంఘాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతీయ సంఘాలనే ఇంగ్లీషు పొడి అక్షరాల్లో టి.యు.సి.సి. అంటారు, ఇకపై మనం వాటిని ప్రాంతీయ సంఘాలు అందాం.

చట్టం వీటికి ఇచ్చిన పరిధి చాలా విశాలమైనది. కమిషన్ అందించే సేవలకు, సదుపాయాలకు సంబంధించిన ఏ విషయాన్నైనా, ఛార్జీలతో సహా, పరిశీలించవచ్చు. కాని పరిశీలించిన తరువాత చేయగలిగింది సిఫారసు మాత్రమే. వినడం, వినకపోవడం కమిషన్ ఇష్టం, మంత్రి ఇష్టం.

ఇక్కడ కొంచెం మన దేశం వైపు చూడాలి, ఎందుకంటే ఈ సిఫారసుల సంఘం అన్న నమూనా మనకు కొత్తది కాదు. భారతీయ రైల్వేల పాలనపై సర్ విలియం ఆక్వర్త్ అధ్యక్షతన 1920–21లో పనిచేసిన కమిటీని మీరు రైల్వే బడ్జెట్ విడదీసిన సందర్భంలో చదివి ఉంటారు. అదే కమిటీ రైళ్ళను వాడుకునే ప్రజలతో సంప్రదింపులకు సలహా మండలులు ఉండాలని కూడా సిఫారసు చేసింది. 1920వ దశకంలోనే ఇక్కడ స్థానిక సలహా సంఘాలు ఏర్పడ్డాయి. అంటే బ్రిటన్ 1947 చట్టానికి పాతికేళ్ళ ముందే వలస దేశంలో ఈ ప్రయోగం మొదలైంది. దాని వెనుక మూడో తరగతి ప్రయాణికుల గోడు ఉన్నది. 1917లో గాంధీజీ మూడో తరగతి పెట్టెల దుస్థితి గురించి రాసిన లేఖ పత్రికల్లో వచ్చింది. రైల్వేల ఆదాయంలో పెద్ద వాటా ఇచ్చే ప్రయాణికుడికి రైల్వేల నిర్వహణలో మాటే లేదన్నది అప్పటి జాతీయవాదుల వాదన. ఆ వాదనకు ప్రభుత్వం ఇచ్చిన సమాధానం సలహా సంఘం. మాట దక్కింది, కాని ఆ మాటకు బరువు దక్కలేదు.

స్వాతంత్ర్యానంతరం కూడా మన చట్టాలు ఈ దారినే నడిచాయి. మన ఆర్టీసీలకు మూలమైన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో సలహా మండలుల నియామకానికి ఒక సెక్షను ఉంది. రైల్వేలలో జాతీయ స్థాయి నుంచి జోను, డివిజను స్థాయి దాకా వినియోగదారుల సంప్రదింపుల సంఘాలున్నాయి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇటువంటి ఒక సంఘంలో కొంతకాలం సభ్యుడిని. మర్యాదకు లోటు లేదు. టీ, బిస్కట్లు వేళకు వచ్చేవి. ఒక ప్లాట్‌ఫారం చివర మంచినీళ్ళ కుళాయి పెట్టించమని మేము అడిగితే, వరుసగా మూడు సమావేశాల నివేదికల్లో ఆ అంశం ఎదురుగా ఒకే మాట అచ్చయింది: పరిశీలనలో ఉన్నది. నా సభ్యత్వం ముగిసింది గాని పరిశీలన ముగియలేదు. విద్యార్థులారా, దీన్ని కేవలం ఒక అధికారి అలసత్వంగా చూడకండి. సంస్థ నిర్మాణమే అటువంటిది. జవాబు ఇవ్వాలన్న నిబంధన, గడువు లేనప్పుడు జవాబు రాదు.

3. బ్లూబెల్ మార్గం: ఒక మహిళ, ఒక పాత చట్టం

బ్రిటన్‌లోనూ 1950వ దశకంలో ఇదే జరిగింది. నష్టాలు వస్తున్న చిన్న మార్గాలను కమిషన్ ఒక్కొక్కటిగా మూసివేస్తూ వచ్చింది. ప్రాంతీయ సంఘాలు విన్నాయి, ఎక్కువ సందర్భాల్లో ఒప్పుకున్నాయి. ఆ ధోరణికి అడ్డు తగిలిన ఉదంతం ససెక్స్ ప్రాంతంలోని లూయిస్–ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ మార్గానిది. ఇది కాస్త వివరంగా చెప్పుకోదగినది.

ఈ మార్గాన్ని 1955 జూన్‌లో మూసివేయాలని నిర్ణయించారు. ఈలోగా రైల్వే సమ్మె రావడంతో మే 28 నుంచే బండ్లు ఆగిపోయాయి, మళ్ళీ తిరగలేదు. ఛేలీ నివాసి మాడ్జ్ బెస్సెమర్ అనే మహిళ దీన్ని ఊరికే వదిలిపెట్టలేదు. ఉక్కు తయారీ పద్ధతికి తన పేరు మిగిల్చిన హెన్రీ బెస్సెమర్ మనుమరాలు ఆమె. ఆ మార్గం వేసినప్పటి, అంటే పందొమ్మిదో శతాబ్దపు, చట్టాన్ని తిరగేసి చూస్తే, పేర్కొన్న స్టేషన్లలో రోజుకు నాలుగు బండ్లు నిలపాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. జాతీయీకరణతో ఆ బాధ్యత రద్దు కాలేదు. కమిషన్ చేసింది చట్టవిరుద్ధమని తేలిపోయింది.

దాంతో 1956 ఆగస్టులో మార్గాన్ని తిరిగి తెరవక తప్పలేదు. కాని ఎలా తెరిచారో గమనించండి. సరిగ్గా నాలుగు బండ్లే వేశారు, అవీ బడికి గాని పనికి గాని పోయేవారికి పనికిరాని వేళల్లో. పాత చట్టంలో పేరు లేని స్టేషన్లలో బండి ఆగదు. అలిగిన పిల్లవాడు అన్నం కెలికినట్టు నడిపిన ఈ సర్వీసును అక్కడి జనం అలక సర్వీసు అన్న అర్థం వచ్చే పేరుతో పిలిచారు.

విషయం కేంద్ర సంఘం దాకా వెళ్ళి, 1957లో బహిరంగ విచారణ జరిగింది. విచారణలో కమిషన్ ప్రవర్తనను సంఘం తప్పుపట్టింది. కమిషన్ చూపిన నష్టాల లెక్కల మీద ప్రశ్నలు లేచాయి. అయినా చివరికి మూసివేతకే ఒప్పుకున్నది. పార్లమెంటు ద్వారా పాత బాధ్యతను తొలగించుకొని 1958 మార్చిలో మార్గాన్ని మూసేశారు. రెండేళ్ళ తరువాత, 1960 ఆగస్టులో, రైళ్ళ మీద మక్కువ ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు అందులో ఒక భాగాన్ని ఆవిరి బండ్లతో తిరిగి నడపడం మొదలుపెట్టారు. అదే నేటి బ్లూబెల్ రైల్వే.

ఈ కథలో ప్రయాణికుల సంఘం పాత్ర ఎంత? కమిషన్‌ను కట్టడి చేసింది సంఘం కాదు, కాలం చెల్లిందనుకున్న ఒక చట్టంలోని ఒక వాక్యం. రోజుకు నాలుగు బండ్లు అన్న ఆ వాక్యానికి ఉన్న బలం, ఛార్జీల నుంచి వేళల దాకా అన్నింటి మీదా మాట్లాడగల సంఘానికి లేకపోయింది.

4. 1962 చట్టం: ఇరుకు ద్వారం, గట్టి గడియ

కన్సర్వేటివ్ ప్రభుత్వం 1962 రవాణా చట్టంతో కమిషన్‌ను రద్దు చేసి, రైల్వేలకు విడిగా బ్రిటిష్ రైల్వేస్ బోర్డును ఏర్పాటు చేసింది. బోర్డు తొలి అధ్యక్షుడు డాక్టర్ రిచర్డ్ బీచింగ్. 1963 మార్చిలో ఆయన పేరుమీద వెలువడిన నివేదిక 2,363 స్టేషన్లను, రమారమి 5,000 మైళ్ళ మార్గాన్ని మూసివేయాలని ప్రతిపాదించింది. ఇంత పెద్ద ఎత్తున మూసివేతలు రాబోతున్నప్పుడు, ప్రాంతీయ సంఘాలు అడుగడుగునా అడ్డుపడకుండా ఉండాలని ప్రభుత్వం కోరుకోవడం సహజమే. అందుకని 1962 చట్టం 56వ సెక్షను వాటి పరిధిని బాగా కుదించింది. ఛార్జీల ఊసు ఎత్తకూడదు. మూసివేత ప్రతిపాదన వచ్చినప్పుడు చూడవలసింది ఒక్కటే: దానివల్ల ఇప్పుడు ఆ బండి ఎక్కుతున్నవారికి కలిగే కష్టం. బోర్డు చూపే నష్టం లెక్క నిజమా కాదా, నిర్వహణ మార్చి ఖర్చు తగ్గించవచ్చా, భవిష్యత్తులో ఆ ప్రాంతం ఎలా పెరుగుతుంది అన్న ప్రశ్నలు సంఘం ముందుకు రాకూడదు.

చదువుతుంటే ఇది పూర్తిగా వెనకడుగుగా కనిపిస్తుంది. సమకాలికులు చాలామంది అలాగే భావించారు. విచారణలకు వచ్చిన గ్రామస్థులు బోర్డు లెక్కలను ప్రశ్నించబోతే అధ్యక్షుడు మధ్యలో ఆపవలసి వచ్చేది. పాల క్యాను పట్నం చేర్చలేని రైతు, ఆసుపత్రికి వెళ్ళలేని ముసలమ్మ తమ కష్టం చెప్పుకోవచ్చు. బండి నిజంగా నష్టంలో నడుస్తోందా అని మాత్రం అడగకూడదు.

అయితే అదే సెక్షనులో ఇంకొకటి ఉంది. మూసివేత నోటీసు ప్రకటించాక ఆరు వారాల్లోపు ఒక్క ప్రయాణికుడు అభ్యంతరం రాసినా, సంఘం విచారించి నివేదిక ఇచ్చేవరకు, మంత్రి సమ్మతించేవరకు, బోర్డు ఆ మార్గాన్ని మూయడానికి వీల్లేదు. 1947 చట్టంలో లేని గడియ ఇది. సంఘం మూసివేతను ఆపలేదు, కాని సంఘం పని ముగియనిదే మూసివేత జరగదు. నిర్ణయం కూడా బోర్డు గదిలో కాక, పార్లమెంటుకు జవాబు చెప్పవలసిన మంత్రి బల్ల మీద జరుగుతుంది. పరిధి తగ్గింది, అధికారం పెరిగింది. తగ్గించినవారు గాని, తగ్గించినందుకు బాధపడినవారు గాని ఆనాడు ఈ రెండో సగాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు.

1960వ దశకంలో ఈ గడియ పెద్దగా అక్కరకు రాలేదు. సంఘాలు తీవ్రమైన కష్టం ఉందని రాసినా మంత్రులు ఎక్కువ ప్రతిపాదనలకు సమ్మతించారు. బస్సు వేస్తామన్న హామీతో సరిపెట్టారు. రైలు పోయాక వేసిన ఆ బస్సుల్లో చాలా వరకు కొన్నేళ్ళకే ఆగిపోయాయి. అయితే అన్నీ పోలేదు. మధ్య వేల్స్ మీదుగా పోయే మార్గం వంటివి మంత్రుల నిరాకరణతో మిగిలాయి. ఆ మార్గం ఎన్నికల్లో అటో ఇటో అనిపించే నియోజకవర్గాల మీదుగా పోవడమే దాన్ని కాపాడిందని ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1947, 1962 చట్టాల కింద ప్రాంతీయ సంఘాలకు ఉన్న పరిధిని, అధికారాన్ని పోల్చి పది పంక్తుల్లో రాయండి. మీ జవాబులో బ్లూబెల్ మార్గాన్ని ఉదాహరణగా వాడండి.

5. సెటిల్–కార్లైల్: 22,265 అభ్యంతరాలు

ఉత్తర ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల మీదుగా సెటిల్ నుంచి కార్లైల్‌కు వెళ్ళే మార్గం 1870వ దశకంలో కట్టినది. దానిలో రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానులతో కట్టిన వంతెన ప్రసిద్ధం. వంద సంవత్సరాల వాన, గాలి తిన్న ఆ వంతెన మరమ్మతు భారం మోయలేమంటూ బ్రిటిష్ రైల్ 1983లో మూసివేత నిర్ణయం ప్రకటించింది. బీచింగ్ కాలం నాటి గడియ ఇక్కడ పనిచేసింది.

ఉద్యమకారులు చట్టాన్ని శ్రద్ధగా చదివారు. అభ్యంతరం ఎవరైనా రాయవచ్చు. ప్రతి అభ్యంతరాన్నీ సంఘం లెక్కలోకి తీసుకోవాలి. దేశమంతటి నుంచి 22,265 అభ్యంతరాలు వచ్చాయి. వాటిలో ఒకటి రస్‌వార్ప్ అనే కుక్కది. దానికీ టికెట్ కొన్నారు కనుక అదీ ప్రయాణికురాలే అని యజమాని వాదన. దాని పాదముద్రను అభ్యంతరంగా స్వీకరించారు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా తరగతిలో విద్యార్థులు నవ్వేవారు. నవ్వు ఆగాక నేను అడిగే ప్రశ్న: స్వీకరించకుండా ఉండడానికి చట్టంలో కారణం ఎక్కడ ఉంది? ప్రయాణికుడి నిర్వచనం మీద ఆధారపడిన హక్కు అది.

మార్గం రెండు ప్రాంతీయ సంఘాల హద్దుల్లో ఉండడంతో అవి కలిసి 1986 వసంతంలో మార్గం పొడవునా పలుచోట్ల బహిరంగ విచారణలు జరిపాయి. చట్టప్రకారం వినవలసింది కష్టం గురించే. కాని వేలమంది కష్టం చెప్పుకుంటుంటే ప్రాంతపు ఆర్థిక జీవితం, పర్యాటకం, వంతెన ఖర్చు అన్నీ దానిలో కలిసి వచ్చేశాయి. అదే సంవత్సరం చివర ఇచ్చిన నివేదికలో రెండు సంఘాలూ మూసివేయవద్దని గట్టిగా చెప్పాయి.

ఇక్కడ కాలం చేసిన మేలు చూడాలి. విచారణ ముగిసి మంత్రి నిర్ణయించే లోపు మార్గం నడుస్తూనే ఉండాలి. మూసేస్తారన్న వార్తతోనే జనం బండి ఎక్కడానికి ఎగబడ్డారు. ప్రయాణికుల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. ఎప్పుడో మూసిన చిన్న స్టేషన్లు కొన్నింటిని 1986లో తిరిగి తెరిచారు. వంతెన మీద ప్రయోగాత్మకంగా చేసిన మరమ్మతుతో ఖర్చు భయపెట్టినంత కాదని తేలింది. 1989 ఏప్రిల్ 11న రవాణా శాఖ సహాయ మంత్రి మైకేల్ పోర్టిల్లో మూసివేతకు సమ్మతి నిరాకరిస్తున్నట్టు ప్రకటించారు. ప్రైవేటీకరణే మంత్రంగా ఉన్న థాచర్ ప్రభుత్వ కాలంలో ఇది జరిగిందని గుర్తుంచుకోండి.

సంఘం వాదనా పటిమ వల్ల ఆ మార్గం మిగిలిందని కొందరు రాస్తారు. నా అభిప్రాయం వేరు. సంఘం తన చేతిలో ఉన్న ఒకే ఒక అధికారాన్ని, అంటే వినడానికి పట్టే సమయాన్ని, పూర్తిగా వాడుకున్నది. ఆ సమయంలో వాస్తవాలు మారిపోయాయి.

6. ప్రైవేటీకరణ తరువాత: పెరుగుతూ పోయిన పరిధి

1993 రైల్వేల చట్టం బ్రిటిష్ రైల్‌ను ముక్కలు చేసింది. పట్టాలు ఒకరివి, పెట్టెలు ఒకరివి, నడిపేది ఇంకొకరు. ప్రాంతీయ సంఘాల పేరు రైలు వినియోగదారుల సంప్రదింపుల సంఘాలుగా మారి, అవి రైలు నియంత్రణాధికారి నీడలోకి వెళ్ళాయి. 2000 రవాణా చట్టంతో పేర్లు మళ్ళీ మారాయి. ఈసారి వాటికి నిధులు ఇచ్చేది వ్యూహాత్మక రైలు సంస్థ. కంపెనీలకు మార్గాలను ఒప్పంద పద్ధతిన కట్టబెట్టే సంస్థే ప్రయాణికుల సంఘానికి జీతాలివ్వడం అంత బాగున్న ఏర్పాటు కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో లండన్ నగరం వేరే దారి పట్టింది. అక్కడి బస్సులు, మెట్రో మేయర్ అధీనంలోని సంస్థ నడుపుతుంది. 1999 చట్టం లండన్ ప్రయాణికుల సంఘాన్ని మేయర్ కింద కాక, మేయర్‌ను ప్రశ్నించే నగర అసెంబ్లీ కింద పెట్టింది. లండన్ ట్రావెల్‌వాచ్ అన్న పేరుతో అది నేటికీ పనిచేస్తోంది. మన నగరాల్లో మెట్రో రైళ్ళు, సిటీ బస్సుల గురించి ఆలోచించేవారు గమనించదగిన ఏర్పాటు ఇది.

2005 రైల్వేల చట్టం పెద్ద మలుపు. ప్రాంతీయ సంఘాలను రద్దు చేసి ఒకే జాతీయ మండలిని ఏర్పాటు చేశారు. అది ప్యాసెంజర్ ఫోకస్ అన్న పేరు పెట్టుకున్నది. మూసివేతల పద్ధతి కూడా మారి, ఊరూరా బహిరంగ విచారణ జరిపి కష్టం లెక్కగట్టే పాత బాధ్యత పోయింది. కొత్త పద్ధతిలో మండలి సంప్రదించవలసిన వారిలో ఒకటిగా మిగిలింది. ఆ తరువాత పరిధి మాత్రం విస్తరిస్తూ వచ్చింది. 2010లో లండన్ వెలుపలి ఇంగ్లండులోని బస్సులు, ట్రాములు, దూరప్రాంత కోచ్‌లు చేరాయి. 2015లో ప్రధాన జాతీయ రహదారులను వాడే వాహనదారులు కూడా చేరి, సంస్థ పేరు ట్రాన్స్‌పోర్ట్ ఫోకస్ అయింది.

ఈ కాలంలో దాని ముఖ్యమైన ఆయుధం సర్వే. 1999లో మొదలైన జాతీయ రైలు ప్రయాణికుల సర్వే సంవత్సరానికి రెండుసార్లు వేలమంది అభిప్రాయాలు సేకరించేది. కోవిడ్ వచ్చిన 2020లో ఆగిపోయింది. సర్వేను తక్కువ చేయనక్కరలేదు. ఏ కంపెనీ బండ్లలో మరుగుదొడ్లు బాగా లేవో అంకెల్లో కనిపిస్తే పత్రికలు రాస్తాయి, కంపెనీ సిగ్గుపడుతుంది. కాని 2018 మేలో కొత్త వేళాపట్టిక కుప్పకూలి ఉత్తర ఇంగ్లండులోను, లండన్ పరిసరాల్లోను వందలాది బండ్లు రద్దయినప్పుడు, అసంతృప్తిని కొలవడం తప్ప సంస్థ చేయగలిగింది తక్కువ. ఆ సంవత్సరం నవంబరులోనే రైలు అంబుడ్స్‌మన్ ఏర్పడింది. దాని తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. కాని అది ఒక్కొక్క ప్రయాణికుడి ఫిర్యాదును తీర్చేది. లక్షమందికి ఒకేసారి జరిగిన అన్యాయానికి మూలం వెతికేది కాదు.

మన దేశంతో పోలిక ఇక్కడ ఆసక్తికరంగా ఉంటుంది. 1986 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, బండి ఆలస్యానికో, రిజర్వేషను దొరకని బెర్తుకో వ్యక్తిగా ఫోరానికి వెళ్ళి పరిహారం తెచ్చుకున్న ప్రయాణికులు ఉన్నారు. వ్యక్తికి ఉన్న ఈ మార్గం మనకు బ్రిటన్ కంటే ముందే, గట్టిగానే ఉంది. సమూహానికి ఉన్న మార్గం మాత్రం నామినేటెడ్ సభ్యుల సలహా సంఘం దగ్గరే ఆగింది.

7. 2023: టికెట్ కౌంటర్ల వ్యవహారం

పరిధి పెరిగి అధికారం తరిగిన ఈ సంస్థకు ఒక పాత హక్కు మాత్రం మిగిలి ఉంది. అది ఏ చట్టంలోను ప్రముఖంగా లేదు. ప్రైవేటీకరణ నాడు, 1995లో, రైలు కంపెనీలు టికెట్ల అమ్మకం, ఆదాయ పంపకం గురించి చేసుకున్న ఒప్పందంలో ఒక నిబంధన: టికెట్ కౌంటర్ మూయాలన్నా, వేళలు బాగా మార్చాలన్నా ప్రజలకు నోటీసు ఇవ్వాలి, ప్రయాణికుల సంస్థ అభ్యంతరం చెబితే విషయం మంత్రి దగ్గరకు వెళ్ళాలి. 1962 నాటి గడియే మరో రూపంలో.

2023 జూలైలో ఇంగ్లండులోని రైలు కంపెనీలు తమ టికెట్ కౌంటర్లలో అత్యధిక భాగం మూసివేస్తామని ప్రకటించాయి. జనం ఫోన్లలోను, యంత్రాలలోను టికెట్లు కొంటున్నారు, కౌంటరులో కూర్చునే సిబ్బంది ప్లాట్‌ఫారం మీదకు వస్తారు అన్నది వారి వాదన. మొదట ఇచ్చిన గడువు 21 రోజులు. విమర్శలు, న్యాయపరమైన హెచ్చరికలు రావడంతో సెప్టెంబరు 1 వరకు పొడిగించారు. ట్రాన్స్‌పోర్ట్ ఫోకస్‌కు, లండన్ ట్రావెల్‌వాచ్‌కు కలిపి దాదాపు 7,50,000 స్పందనలు వచ్చాయి. అంధులు, చక్రాల కుర్చీ వాడేవారు, వృద్ధులు, ఫోను చేతకానివారు తమ అనుభవాలు రాశారు. యంత్రం దగ్గర తన రాయితీ టికెట్ దొరకదని రాసినవారున్నారు. సహాయం కోసం ఎక్కడ నిలబడాలో తెలిసేది కౌంటరు వల్లనే అని చూపులేనివారు రాశారు.

అక్టోబరు 31న రెండు సంస్థలూ ప్రతిపాదనలన్నింటికీ అభ్యంతరం తెలిపాయి. అదే రోజు రవాణా మంత్రి మార్క్ హార్పర్ ప్రతిపాదనలను ఉపసంహరించమని కంపెనీలను కోరినట్టు ప్రకటించారు. ఆ ప్రతిపాదనలకు మొదట ఊపిరి పోసింది ప్రభుత్వ ఖర్చు తగ్గింపు ఒత్తిడే అన్న సంగతి మరచిపోకూడదు. ఎన్నికలు దగ్గరపడటం కూడా పనిచేసి ఉంటుంది. అయినా ఆ నిబంధన లేకపోతే ఆ 7,50,000 ఉత్తరాలు ఎవరి బల్ల మీద పడేవి?

8. 2025 బిల్లు

2024 ఎన్నికల తరువాత అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం ప్రయాణికుల రైలు సర్వీసులను ఒప్పందాల గడువు ముగిసిన కొద్దీ ప్రభుత్వ యాజమాన్యంలోకి తెచ్చే చట్టం చేసింది. పట్టాలను, బండ్లను కలిపి చూసే గ్రేట్ బ్రిటిష్ రైల్వేస్ అనే ఒకే సంస్థను ఏర్పాటు చేయాలన్నది దాని ప్రణాళిక. అంటే చక్రం తిరిగి 1947 దగ్గరకు వచ్చింది: మళ్ళీ ఒకే యాజమాన్యం, మళ్ళీ ప్రయాణికుడి పక్షాన ఎవరు అన్న ప్రశ్న. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన సంప్రదింపుల పత్రం ట్రాన్స్‌పోర్ట్ ఫోకస్ పునాది మీద కొత్త ప్రయాణికుల కాపలా సంస్థను నిర్మించాలని ప్రతిపాదించింది. నవంబరులో రైల్వేల బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టారు. ఈ పాఠం రాస్తున్నప్పుడు అది ఇంకా పార్లమెంటు పరిశీలనలోనే ఉంది.

ప్రతిపాదన సారాంశం ఇది. కాపలా సంస్థ ప్రయాణికుల సేవకు ప్రమాణాలు నిర్ణయిస్తుంది. వాటి అమలును గమనిస్తుంది. సమస్యలను స్వయంగా దర్యాప్తు చేయగలుగుతుంది, అందుకు అవసరమైన సమాచారాన్ని రైల్వేల నుంచి కోరగలుగుతుంది. దివ్యాంగ ప్రయాణికుల అవసరాలు దాని ప్రత్యేక బాధ్యతలో ఉంటాయి. సమాచారం కోరే హక్కు చిన్నదిగా అనిపించవచ్చు. 1960వ దశకపు విచారణల్లో బోర్డు లెక్కల గురించి అడగబోయి నోరు మూసుకున్న గ్రామస్థుణ్ణి తలచుకుంటే దాని విలువ తెలుస్తుంది.

వాదం ఎక్కడుందంటే అమలు దగ్గర. ప్రమాణం తప్పిన రైల్వే సంస్థ మీద చర్య తీసుకునేది కాపలా సంస్థ కాదు, రైలు, రోడ్డు నియంత్రణ కార్యాలయం. దీన్ని సమర్థించేవారి మాట: తీర్పరి, ప్రయాణికుల వకీలు ఒకరే కాకూడదు, వకీలు నిర్భయంగా వాదించాలంటే శిక్షించే పని వేరొకరిది కావాలి. వ్యతిరేకించేవారి మాట: చర్య తీసుకోవడమో మానడమో వేరొక కార్యాలయం ఇష్టమైతే కాపలా సంస్థ మళ్ళీ సిఫారసుల సంఘమే అవుతుంది. రెండు వాదాల్లోనూ బలం ఉంది. నేను మొదటి వాదం వైపు కొంత మొగ్గుతాను, ఒక షరతు మీద: కాపలా సంస్థ పంపిన ప్రతి కేసుకు నియంత్రణ కార్యాలయం నిర్ణీత గడువులో, బహిరంగంగా, కారణాలతో జవాబు చెప్పాలి.

అభ్యాసం: మీ జిల్లాలోని బస్సు డిపో లేదా రైల్వే స్టేషను పరిధిలో ప్రయాణికుల సలహా సంఘం ఉందేమో తెలుసుకోండి. ఉంటే దాని సభ్యులను ఎవరు నియమిస్తారు, అది ఎప్పుడు సమావేశమవుతుంది, దాని సిఫారసులకు జవాబు ఇవ్వడానికి గడువు ఏదైనా ఉందా అన్న విషయాలు సేకరించండి. అవసరమైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ దరఖాస్తుకు జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంది.